చేప మూతి ముందుకి

ఇంట్లో ఉన్నది మూడు కిలోల పనిముట్టు.
బెంచి వైసు పక్కన నూనెగుడ్డలో చుట్టి
పసిపిల్లని పడుకోబెట్టినట్టు పడుకోబెడతాను.
బొటనవేలంత బోల్టు, మూడు పిన్నులు,
మూడింటివీ మూడు కొలతలు.
దానితో పనంటే ఆదివారం పని.
ముందు గ్రైండరుతో రివెట్ తల అరగదీయాలి,
గోడ మీది క్యాలెండర్లో ఏప్రిల్ నెలకి
ఆ నిప్పురవ్వల చిల్లులు ఇంకా ఉన్నాయి.
తల పోయిన పిన్ను
వెన్నలోంచి వెంట్రుకలా వచ్చేస్తుంది.
కొత్త లింకు తల ఎంత విప్పారిందో
కాలిపర్‌తో కొలిచి గోడ మీద పెన్సిలుతో రాస్తాను.
కొయాయ్‌కేలో వాన ఆగని నెలల్లో
అంతకన్నా ప్రార్థన తెలియదు నాకు.

కానీ దాన్ని బండి మీద ఎవడు మోస్తాడు?
"అరచేతిలో ఇమిడిపోతుంది, పట్టుకెళ్ళు"
అన్నాడు నిబాల్దో, చిన్నదాన్ని కౌంటరు మీద దొర్లిస్తూ.
ధర చూసి సంతోషించాను.
సంతోషించడమే తప్పని
కస్తియో కనుమ దిగాక తెలిసింది.

కంకర రోడ్డు. పక్కనుంచి తోసే గాలి.
ఎక్కడో టక్కుమంది.
మళ్ళీ టక్కు, చక్రం తిరిగినప్పుడల్లా,
లోపలెవరో లెక్కపెడుతున్నట్టు.
దిగి చూస్తే రాయి తగిలి
ఒక లింకు పలక నిలువునా చీలింది.
ఫరవాలేదు, సంచిలో క్లిప్పు లింకుంది,
నాలుగు రబ్బరు రింగులు, గ్రీజు పొట్లం,
అరచేతి పనిముట్టు కూడా.

గ్రైండరు మాత్రం లేదు.
తల అరగదీయకుండానే బిగించాను.
ఇంకో పావు చుట్టు, ఇంకో పావు...
పిన్ను విరిగి గడ్డిలో పడింది.
మద్దెల ఓటిదనడానికి లేదు, ఆడింది నేనే.

గొర్రెల దొడ్డిలోంచి చూస్తోంది డోన్యా ఎరెస్మీనా.
ఏమీ అడగలేదు.
మాతే గిన్నె నా చేతికిచ్చి
గుర్రపు గిట్టలు రాసే ఆకురాయి తెచ్చింది,
లాడం మేకులు ఊడగొట్టే ఉలి తెచ్చింది,
దాగలికి బదులు రైలు పట్టా ముక్క.
ఈ దేశపు ఈ మూలకి రైలే రాలేదు,
ఆ ముక్క ఎలా వచ్చిందో ఆమెకీ తెలియదు.

నేను చైన్ పట్టుకున్నాను, ఆమె రాసింది.
గిట్ట రాసినట్టే, లోపల ప్రాణముందేమోనని
రెండు రాపులకోసారి ఊది, వేలితో తడిమి.
తర్వాత పిన్ను కింద పెద్ద నట్టు పెట్టి
సుత్తితో ఒక్కటిచ్చింది. రెండో పిన్నుకి ఇంకొకటి.
ఇంతేనా అన్నట్టు చూసింది.

క్లిప్పు నేను పెట్టాను.
అది చిన్న చేపలా ఉంటుందని చూపించాను.
మూసుకున్న మూతి చైన్ పరిగెత్తే వైపుకి,
చీలిన తోక వెనక్కి.
తిరగేసి పెడితే దేన్నో తగిలి ఊడిపోతుంది.
"చేపకి అది ఎవరూ చెప్పక్కర్లేదు," అంది.

ఇల్లు చేరాక క్లిప్పు తీసేశాను.
మూడు కిలోల దానితో రివెట్ లింకు వేసి
కొలిచి, గోడ మీద రాశాను.
ఆ అంకె సరిగ్గానే ఉంది.
అయినా దారిలో టీకి ఆగినప్పుడల్లా
చేప ఉండే చోట బొటనవేలితో తడుముతాను.

ఇప్పుడు సంచిలో చిన్న పనిముట్టు వేరేది,
దానికి రెండు అదనపు పిన్నులు,
చిటికెన వేలంత ఆకురాయి.
వందగ్రాములు బరువెక్కినందుకు
బండి ఇంతవరకు ఫిర్యాదు చేయలేదు.

మార్చిలో మళ్ళీ ఆ దారినే వెళ్ళినప్పుడు
ఆమెకి కొత్త ఆకురాయి పట్టుకెళ్ళాను,
స్వీడన్ ఉక్కు, నా జీతంలో మంచి ముక్క.
అటూ ఇటూ తిప్పి చూసింది.
"మరీ నున్నన, గిట్టకి పనికిరాదు," అని
గాలికి కొట్టుకుంటున్న కిటికీకి
అడ్డుగా పెట్టింది.
చప్పుడు ఆగింది.
మాతేకి నీళ్ళు పెట్టింది.